రెండు స్క్రూల చరిత్ర

2010 ప్రాంతంలో కొన్న మామూలు లాప్‌టాప్ ఏదన్నా ఇంట్లో మూలపడి ఉంటే ఒకసారి బోర్లించి చూడండి. అడుగున రెండు చిన్న మూతలు కనిపిస్తాయి. చాలా మోడళ్ళలో ఒకదాని మీద డబ్బాలాంటి బొమ్మ, ఇంకోదాని మీద కాళ్ళున్న చిప్పు బొమ్మ అచ్చుపోసి ఉంటాయి. డబ్బా బొమ్మ కింద హార్డ్ డిస్కు, చిప్పు బొమ్మ కింద ర్యామ్. ఒక్కో మూతకి ఒకటో రెండో స్క్రూలు, అంతే. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చిన ఎవరైనా పది నిమిషాల్లో పాతది తీసి కొత్తది పెట్టుకోవచ్చు. ఎక్కడ తెరవాలో కంపెనీవాడే బొమ్మ వేసి మరీ చెప్పిన యంత్రం అది.

ఇప్పుడు మీరు వాడుతున్న లాప్‌టాప్‌ని కూడా తిప్పండి. చాలామంది చేతుల్లో ఉన్నవాటికి నున్నటి పలక తప్ప ఇంకేమీ కనపడదు. పలక తీసినా లోపల ర్యామ్ బోర్డుకి అతికే ఉంటుంది. ఆ మూత ఎప్పుడొచ్చింది, ఎవరి పుణ్యాన వచ్చింది, ఎందుకు పోయింది అనేది చెప్పుకోవాల్సిన కథే అని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. ఎందుకంటే హైదరాబాదు కంప్యూటర్ చరిత్ర ఎవరు రాసినా 1998లో సైబర్ టవర్స్ ప్రారంభించిన దగ్గర మొదలుపెట్టి, వై2కే మీదుగా అమెరికా వీసాల దాకా తీసుకెళ్ళి వదిలేస్తారు. మా సత్తుపల్లిలాంటి ఊళ్ళ సంగతి "చిన్న పట్టణాల పిల్లలు కూడా సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చారు" అన్న ఒక్క వాక్యంలో తేలిపోతుంది. వాళ్ళు ఏ యంత్రం మీద నేర్చుకున్నారు, దాన్ని ఎంతకి కొన్నారు, పాడైతే ఎవరు బాగుచేశారు? నాకు తెలిసినంతలో జవాబు ఆ మూతల దగ్గరే ఉంది.

మొదట్లో కంప్యూటర్ తెరవడం కాదుగదా, కొనుక్కోవడం కూడా కుదిరేది కాదు. ఐబీఎమ్ తన యంత్రాల్ని అద్దెకే ఇచ్చేది. యంత్రం మీ ఆఫీసులో ఉంటుంది, కరెంటు మీది, గది మీది, యంత్రం మాత్రం వాళ్ళది. పాడైతే వాళ్ళ మనిషే రావాలి. 1956 జనవరిలో అమెరికా ప్రభుత్వం వేసిన గుత్తాధిపత్యపు కేసులో ఐబీఎమ్ రాజీకి వచ్చి కొన్ని షరతులకి ఒప్పుకుంది. యంత్రాల్ని అద్దెకే కాదు, అమ్మకానికి కూడా పెట్టాలి. బయటి రిపేరువాళ్ళకి విడిభాగాలు అమ్మాలి, వాళ్ళకి శిక్షణ కూడా ఇవ్వాలి. ఈమధ్య "రైట్ టు రిపేర్" అని కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతున్నాం గానీ, అది డెబ్బై ఏళ్ళ నాటి కోర్టు కాగితంలోనే ఉంది.

అదే ఏడాది సెప్టెంబరులో అదే ఐబీఎమ్ రామాక్ 305 అనే యంత్రాన్ని బయటపెట్టింది. హార్డ్ డిస్కుతో అమ్మకానికొచ్చిన మొదటి కంప్యూటర్ అదే. ఒక్కోటి రెండడుగుల వెడల్పున్న పళ్ళేలు యాభై, ఒకదానిమీద ఒకటి. టన్ను పైచిలుకు బరువు. అంతా కలిపి అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇవాళ ఫోనుతో తీసిన ఒక ఫొటో దాంట్లో పట్టడం కష్టం. నెలకి అద్దె 3,200 డాలర్లు.

మన దేశంలో ఐబీఎమ్ చేసిన వ్యాపారం ఇంకా విచిత్రం. వేరే దేశాల్లో వాడేసిన పాత యంత్రాల్ని తెచ్చి, ఇక్కడ బాగుచేసి, ఇక్కడివాళ్ళకి అద్దెకిచ్చేది. అరవైల్లో, డెబ్బైల్లో మన ఆఫీసుల్లో తిరిగిన 1401లు చాలావరకు అలాంటివే. అంటే ఈ దేశంలో కంప్యూటర్ చరిత్ర మొదటి అధ్యాయంలోనే సెకండ్‌హ్యాండ్ సరుకు ఉంది. కాకపోతే బాగుచేసే పని వాళ్ళది, అద్దె కట్టే పని మనది. విదేశీ కంపెనీలు వాటాలు తగ్గించుకోవాలన్న చట్టం దగ్గర పేచీ వచ్చి 1978లో ఐబీఎమ్ దేశం విడిచి వెళ్ళిపోయింది. మరి వాళ్ళు వదిలిపోయిన యంత్రాల్ని ఎవరు చూడాలి? ఆ పని ప్రభుత్వ సంస్థ సీఎంసీ మీద పడింది. సీఎంసీ అంటే కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. ఈ పేరు నాకు చాలా ఇష్టం. ఒక దేశం తన కంప్యూటర్ కంపెనీకి "మెయింటెనెన్స్" అని పేరు పెట్టుకుంది. తర్వాత్తర్వాత పేరు పొడి అక్షరాలుగా మిగిలి, గచ్చిబౌలిలో పెద్ద కాంపస్ కట్టి, 2001లో టాటాల చేతికి పోయి, 2015లో టీసీఎస్‌లో కలిసిపోయింది. గచ్చిబౌలిలో దాని పక్కనుంచి రోజూ వెళ్ళిన నా స్నేహితుల్లో "ఎం" అంటే ఏమిటో తెలిసినవాళ్ళు తక్కువ.

హైదరాబాదులో అంతకుముందే ఇంకో దారి మొదలైంది. 1967లో అణుశక్తి శాఖ కింద ఈసీఐఎల్ పెట్టారు. దాన్ని నడిపించిన ఎ.ఎస్. రావుగారిది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. ఇవాళ ఎ.ఎస్. రావు నగర్ అంటే బిర్యానీ హోటళ్ళూ ట్రాఫిక్కూ గుర్తొస్తాయి గానీ, ఆ పేరు ఒక ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుది. 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్ వచ్చింది. ట్రాంబేలో రూపకల్పన, ఈసీఐఎల్‌లో తయారీ. అప్పట్లో మెమరీ అంటే ఫెరైట్ పూసలు. ఆవగింజంత రింగుల్లోంచి సన్నటి తీగల్ని చేత్తో గుచ్చి, చాపలా అల్లేవాళ్ళు. ఒక్కో పూస ఒక్కో బిట్టు. 12 బిట్ల యంత్రానికి 4,096 మాటల మెమరీ కావాలంటే 49,152 పూసలు గుచ్చాలి. ప్రపంచంలో ఎక్కడైనా ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళే చేశారు. "మెమరీ పెంచడం" అన్నమాటకి అప్పట్లో అర్థం ఇంకో చాప అల్లడం.

ఆ పూసల్ని చరిత్రలోకి పంపింది ఐబీఎమ్‌లోనే పనిచేసిన రాబర్ట్ డెనార్డ్ ఆలోచన. ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు, ఈ రెంటితో ఒక బిట్టు. 1968లో పేటెంటు వచ్చింది. ఇవాళ మనం ర్యామ్ అంటున్నది ఇదే. కెపాసిటరులో పోసిన ఛార్జి చిల్లికుండలో నీళ్ళలా కారిపోతుంటుంది. అందుకని మామూలు ర్యామ్‌లో 64 మిల్లీసెకన్లు గడిచేలోపు ప్రతి గడినీ ఒకసారి చదివి, మళ్ళీ నింపుతుండాలి. కరెంటు పోతే అన్నీ పోతాయి. మా ఊళ్ళో వేసవి కోతల్లో, సేవ్ చెయ్యకుండా పోగొట్టుకున్న రికార్డులకీ ప్రాజెక్టు రిపోర్టులకీ కారణం ఈ చిల్లికుండే.

1981 ఆగస్టులో ఐబీఎమ్ పీసీ వచ్చింది. మూత పుట్టిన రోజు ఏదంటే నేను దీన్నే చెబుతాను. తొందరగా బజారులోకి దింపాలని ఆ కంపెనీ తన అలవాటుకి విరుద్ధంగా చాలా భాగాలు బయటనుంచి కొని కూర్చింది. లోపల అయిదు ఖాళీ స్లాట్లు వదిలింది. 16 కిలోబైట్ల మెమరీతో కొంటే అదే బోర్డు మీద చిప్పులు గుచ్చుకుని 64 దాకా పెంచుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, బోర్డు సర్క్యూట్ బొమ్మలన్నీ అచ్చేసి, ఒక పుస్తకంగా అమ్మింది. తెరిచి చూసుకోమని ఇచ్చినట్టే. తెరిచి చూశారు కూడా. కాంపాక్ దగ్గర్నించి తైవాన్ వర్క్‌షాపుల దాకా అందరూ అలాంటివే చేశారు. ఐబీఎమ్ ఆ బజారుని పోగొట్టుకుంది, ప్రపంచానికి ఒక కొలత మిగిలింది. ఎవరు చేసిన కార్డైనా ఎవరి పెట్టెలోనైనా పడుతుంది.

ర్యామ్‌కి అలాంటి కొలత రావడానికి ఇంకొంచెం టైమ్ పట్టింది. విడి చిప్పుల్ని ఒక్కోటిగా గుచ్చే బాధ లేకుండా, వాటిని ఒక చిన్న పలక మీద ముందే అతికించి, ఆ పలకనే గాట్లో దించే పద్ధతి 1983లో వాంగ్ లాబ్స్‌లో మొదలైంది. దాని మనవడే మన లాప్‌టాప్‌లో 45 డిగ్రీల కోణంలో దూర్చి, కిందకి నొక్కితే "టిక్" మని కూర్చునే ముక్క. హార్డ్ డిస్కు కూడా చిక్కుతూ వచ్చి 1988లో రెండున్నర అంగుళాలయింది. ప్రెయిరీటెక్ అనే కంపెనీ చేసిన ఆ మొదటి డిస్కులో పట్టేది 20 మెగాబైట్లు. కంపెనీ మూడేళ్ళకే మూతపడింది గానీ, ఆ రెండున్నర అంగుళాల కొలత నిలిచిపోయింది. లాప్‌టాప్ హార్డ్ డిస్కు తీసి ఆ ఖాళీలో ఎస్ఎస్‌డీ సరిగ్గా పట్టించగలుగుతున్నామంటే అదే కారణం.

ఈ కొలతలన్నీ మన దగ్గరికి ఒక బజారు రూపంలో చేరాయి. 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానంతో దిగుమతుల్ని సులువు చేసింది. 1991 తర్వాత ఇంకొంచెం. 1997లో భారతదేశం ఐటీ ఒప్పందం మీద సంతకం పెట్టి, 2005కల్లా కంప్యూటర్ భాగాల మీద కస్టమ్స్ సుంకం సున్నాకి తెస్తానంది. ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, బెంగుళూరుకి ఎస్.పి. రోడ్, మనకి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్. ముద్దుపేరు సీటీసీ.

సీటీసీ గురించి తెలుగులో ఒక్క కథ కూడా నేను చదవలేదు. సాఫ్ట్‌వేర్ కథలు కుప్పలుగా వచ్చాయి. ప్రాజెక్టులు, లేఆఫ్‌లు, న్యూజెర్సీ మంచు, అమ్మానాన్నలతో వీడియో కాల్. వాటిలో కంప్యూటర్ ఎప్పుడూ మూతపెట్టిన వస్తువే. పాత్ర దాని ముందు కూర్చుని బాధపడుతుంది. అది ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ పట్టదు. వ్యవసాయం మీద రాసినవాళ్ళు నాగలి కర్రు గురించీ మోకు గురించీ పేజీలు రాశారు. మా తరం తన పనిముట్టు గురించి అంత శ్రద్ధగా రాయలేదన్నది నా ఫిర్యాదు.

నేను మొదటిసారి సీటీసీకి వెళ్ళింది ఇంజనీరింగ్ చదివేటప్పుడు. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి ఇంజనీరింగ్ కాలేజీ మా జిల్లా రైతుబిడ్డలకి అందే దూరంలోకి వచ్చింది. ఫీజు ప్రభుత్వం కడుతుంది, సరే. కంప్యూటర్ ఎవరు కొనాలి? కొత్త లాప్‌టాప్ అంటే ఆ రోజుల్లో ముప్పైవేల పైమాట. ఇంట్లో అడిగితే మిర్చి అమ్మాక చూద్దాం అంటారు. సీటీసీ ఆ లెక్కని మార్చేసింది. మెట్ల మీద, వరండాల్లో, చిన్న చిన్న గదుల్లో దుకాణాలు. లోపలికెళ్ళి "అన్నా, ఒక సిస్టమ్ కావాలి" అంటే, కొట్టువాడు తెల్లకాగితం తీసి వరసగా రాసేవాడు: ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్కు, క్యాబినెట్టు, ఎస్‌ఎమ్‌పీఎస్. ఒక్కోదానికి ఎదురుగా ధర. ఆ కాగితం పట్టుకుని పక్క కొట్టుకి వెళ్తే వాడు ఒక లైను కొట్టేసి తక్కువ రాస్తాడు. మన బడ్జెట్ సరిపోకపోతే ర్యామ్ ఒక ముక్క తగ్గించి, "తర్వాత వేసుకో తమ్ముడూ, స్లాటు ఖాళీగానే ఉంటుంది" అనేవాడు.

ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. "తర్వాత వేసుకో." ఒక వస్తువుని సగం కొని, మిగతా సగం డబ్బులున్నప్పుడు కొనుక్కోవచ్చన్నమాట. మా ఇళ్ళు కట్టింది కూడా ఇలాగే. ముందు కింద రెండు గదులు, పైకి నాలుగు ఊచలు వదిలిపెట్టి, కొడుకు ఉద్యోగంలో చేరాక మేడ. లాప్‌టాప్‌లో ఖాళీ ర్యామ్ స్లాటు మేడ మీద వదిలేసిన ఆ ఊచల్లాంటిదే. 2 జీబీతో కొని, మూడో ఏడాది ఆండ్రాయిడ్ ప్రాజెక్టు మొదలయ్యాక ఇంకో 2 జీబీ కలిపి, ఉద్యోగం వచ్చాక ఎస్ఎస్‌డీ వేసి, ఆ తర్వాత తమ్ముడికో చెల్లెలికో ఇచ్చెయ్యడం. సత్తుపల్లి, వేంసూరు, పెనుబల్లి, అశ్వారావుపేట వైపు మా ఈడు వాళ్ళలో ఈ వరసలో చదువుకున్నవాళ్ళు ఎందరో.

సీటీసీ హైదరాబాదుకి. మా ఊరికి అయితే మోటారు వైండింగు షాపులు. ఇది ఎవరూ రాయని సంగతి. బోర్ల మీద బతికే ప్రాంతంలో వోల్టేజీ పడిపోయి మోటారు కాలిపోవడం ప్రతి ఏడూ ఉండే తంతు. కాలిన రాగితీగ ఊడదీసి, లెక్కపెట్టి కొత్తది చుట్టే మనిషి ప్రతి సెంటర్లోనూ ఉంటాడు. ముందు టేప్‌రికార్డర్లు, తర్వాత టీవీలు, తర్వాత డీటీపీ సెంటర్ల కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు, ఆఖరికి లాప్‌టాపులు, వరసగా అవే బల్లల మీదకి, వాళ్ళ పిల్లల చేతుల్లోకి వచ్చాయి. మా ఊళ్ళో నేను వెళ్ళే కొట్టు అన్న కూడా అలాంటి ఇంటివాడే. చదివింది ఐటీఐ. వాళ్ళ నాన్న మోటార్లు చుట్టేవాడు. ఏ వస్తువునైనా మూత తీసి చూడొచ్చు, తియ్యకపోతే పాడైంది పాడైనట్టే ఉంటుంది అన్న ధైర్యం ఈ కొట్లలో తండ్రినించి కొడుక్కి వచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీలో మాకు ఆ ధైర్యం ఎవరూ నేర్పలేదు. ల్యాబులో కంప్యూటర్‌కి సీలు వేసి, ముట్టుకుంటే ఫైను అని రాసి పెట్టేవాళ్ళు.

2020 లాక్‌డౌన్‌లో నాలాంటివాళ్ళమంతా లాప్‌టాపులు చంకన పెట్టుకుని ఊళ్ళకి చేరాం. మా బాబాయి కూతురికి అప్పుడే బీటెక్ ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. ఫోన్లో చూసి ప్రోగ్రాములు రాయడం అయ్యే పని కాదు. నా 2012 నాటి లాప్‌టాప్ అటక మీద ఉంది. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ కనపడటానికి నాలుగు నిమిషాలు, బ్రౌజర్ తెరుచుకోవడానికి ఇంకో రెండు. పారెయ్యమన్నారు ఇంట్లో.

అందులో చెడిపోయిందేమీ లేదు. దాని ఆలస్యమంతా డిస్కులోనే ఉంది. ఆ డిస్కు నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం ముల్లు కిందకి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. ముల్లు సరైన గీత మీదకి జరగడానికి ఇంకో పదో పన్నెండో మిల్లీసెకన్లు. ఈ లెక్కన సెకనుకి అరవయ్యో డెబ్బయ్యో చిన్న ముక్కలు చదవగలదు. విండోస్ లేవాలంటే వేల ముక్కలు చదవాలి. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. తోషిబాలో ఫుజియో మసుఒకా 1987లో ప్రకటించిన నాండ్ ఫ్లాష్ చిప్పులే అందులో ఉంటాయి. ఒక ముక్క చదవడానికి మిల్లీసెకనులో పదో వంతు చాలు. వందరెట్ల తేడా అన్నమాట. ర్యామ్ కథ కూడా దీనికి ముడిపడి ఉంది. ర్యామ్ చాలనప్పుడు కంప్యూటర్ మిగిలింది డిస్కు మీద రాసి పెట్టుకుంటుంది, మళ్ళీ వెతుక్కుంటుంది. బల్ల చిన్నదైతే పుస్తకాల కోసం మాటిమాటికీ అటక ఎక్కినట్టు. అటక నెమ్మది, బల్ల చిన్నది, రెండూ కలిసి మనిషిని ఏడిపిస్తాయి.

అన్న కొట్లో 240 జీబీ ఎస్ఎస్‌డీ రెండువేల చిల్లర. ర్యామ్ కొత్తది వద్దన్నాడు. బోర్డు పోయిన ఏదో లాప్‌టాప్‌లోంచి తీసిన 4 జీబీ ముక్క ఇచ్చాడు. ఇచ్చేముందు నా పాత ముక్క మీద స్టిక్కరు చదివి, "ఇది పీసీ3 ఒట్టిది. ఎల్ ఉన్నది కూడా దీన్లో నడుస్తది, ఎల్ అడిగే మిషన్లో మాత్రం ఒట్టిది నడవదు" అన్నాడు. డీడీఆర్3కి 1.5 వోల్టులు, ఎల్ ఉన్నదానికి 1.35 సరిపోతుంది. తక్కువతో నడిచేది ఎక్కువ తట్టుకుంటుంది, అటుది ఇటు కుదరదు. ఇంత సంగతి ఆయన ఒక్క వాక్యంలో చెప్పాడు. డీడీఆర్4 ముక్క తెచ్చి దీంట్లో దూర్చాలన్నా దూరదు. ఒక్కో తరానికి గాటు ఒక్కోచోట పెట్టారు, 204 కాళ్ళకీ 260 కాళ్ళకీ పొంతన కుదరదు. తప్పు చెయ్యనివ్వని ఈ ఏర్పాటు చేసినవాళ్ళెవరో గానీ, సత్తుపల్లిలాంటి ఊళ్ళని మనసులో పెట్టుకుని చేసినట్టే ఉంటుంది.

ఇంటికొచ్చి, బ్యాటరీ ఊడదీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని లోపల మిగిలిన ఛార్జి పోగొట్టాం. బీరువా తలుపు ముట్టుకుని ఒంట్లో కరెంటు దించుకున్నాం. స్క్రూలు మా చెల్లెలు తీసింది. లోపల బొగ్గు రంగు దుమ్ము. ఊరి పక్కనే సింగరేణి ఓపెన్‌కాస్ట్ గని పెట్టుకుని తెల్లటి దుమ్ము ఎక్కడ దొరుకుతుంది? ర్యామ్ ముక్కకి రెండు పక్కలా ఉన్న కొక్కేలు గోటితో బయటకి లాగితే ముక్క తనంతట తనే లేచి నిలబడింది. "ఇంతేనా?" అంది. ఇంతే. పాత డిస్కు 500 జీబీ, కొత్తది 240. ఉన్నదున్నట్టు ఎక్కించడం కుదరదు. ఫొటోలూ సినిమాలూ పాతదాంట్లోనే ఉంచి, దానికి మూడొందల రూపాయల తొడుగు వేసి బయటి డిస్కుగా చేసేశాం. కొత్తదాంట్లో విండోస్ మొదటినుంచీ ఎక్కించాం. ఆ సాయంత్రం లాప్‌టాప్ పాతిక సెకన్లలో లేచింది. ఆమె బీటెక్ నాలుగేళ్ళూ దాని మీదే అయింది.

ఇక మూత ఎలా పోయిందంటే, ఒక్క రోజులో పోలేదు. 2008లో ఆపిల్ మాక్‌బుక్ ఎయిర్‌ని కవరులోంచి తీసి చూపించింది. అంత పలచగా ఉండటానికి ర్యామ్‌ని బోర్డుకే అతికించింది. 2012లో రెటీనా మాక్‌బుక్ ప్రోలో కూడా అదే పని చేసి, బ్యాటరీని జిగురుతో అంటించింది. ఒక్క కంపెనీ అయితే పోనీ అనుకోవచ్చు. పలచదనం ఫ్యాషన్ అయ్యాక అందరూ అదే దారి పట్టారు. ఇందులో ఒట్టి దురాశే ఉందని నేను అనను. ఫోన్ల కోసం పుట్టిన తక్కువ కరెంటు ర్యామ్ ప్రాసెసర్‌కి ఎంత దగ్గరగా ఉంటే అంత వేగంగా, అంత తక్కువ బ్యాటరీతో నడుస్తుంది. స్లాటూ దాని పొడవాటి తీగలూ అడ్డమే. ఇంజనీరుగా ఈ వాదన నాకు అర్థమవుతుంది. కానీ 8 జీబీకీ 16 జీబీకీ మధ్య చిప్పుల ఖరీదుకి ఎన్నో రెట్లు వసూలు చెయ్యడం, "ఇప్పుడే కొను, తర్వాత కుదరదు" అనడం ఏ తీగల పొడవుకి సంబంధించిన సంగతి? "తర్వాత వేసుకో తమ్ముడూ" అన్న మాటకి ఇది సరిగ్గా తలకిందులు. మిర్చి అమ్మాక చూద్దాం అనే ఇంటికి అది తలుపు వేసెయ్యడమే.

చట్టాలు వెనకనుంచి నడుచుకుంటూ వస్తున్నాయి. 2018లో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ "ఈ స్టిక్కరు చింపితే వారంటీ పోతుంది" అని బెదిరించడం చెల్లదని కొన్ని కంపెనీలకి ఉత్తరాలు రాసింది. ఆ స్టిక్కరు చూసి మనవాళ్ళు ఎంతమంది స్క్రూడ్రైవర్ కింద పెట్టేశారో. మన దగ్గర 2014లో కాంపిటిషన్ కమిషన్ విడిభాగాలు బయట దొరకనివ్వనందుకు 14 కార్ల కంపెనీలకి రెండున్నర వేల కోట్ల పైన జరిమానా వేసింది. 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసి, డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. పోర్టల్లో కంపెనీల సర్వీసు సెంటర్ల చిరునామాలు ఉన్నాయి. అతికించిన ర్యామ్‌ని ఏ చిరునామాకి వెళ్ళి పెంచుకోవాలి?

మూతని తాకకుండానే మూసే పద్ధతి ఇంకోటి వచ్చింది. మా చెల్లెలి లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, ఎస్ఎస్‌డీ ఉంది. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ అడిగేది 4 జీబీ ర్యామే. కానీ ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎమ్ 2.0 ఉండాలంది. ఇది మూడో తరానిది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు అయిపోయింది. యంత్రం ఆడుతూ పాడుతూ ఉంది, దానికి అర్హత పోయింది. దాంట్లో ఇప్పుడు లినక్స్ నడుస్తోంది. బాబాయి దాని మీద పహాణీలు, మార్కెట్ ధరలు చూసుకుంటాడు.

దారి పూర్తిగా మూసుకుపోయిందని కూడా అనలేం. 2021లో ఫ్రేమ్‌వర్క్ అనే చిన్న కంపెనీ అన్నీ ఊడదీసుకోగల లాప్‌టాప్ చేసింది. 2023 చివర్లో ర్యామ్ కొలతలు నిర్ణయించే జెడెక్ సంస్థ క్యామ్2 అనే కొత్త పలకకి ప్రమాణం ఇచ్చింది. స్లాటులో దూర్చే బదులు బోర్డు మీద పరిచి స్క్రూలతో బిగిస్తారు. తీగలు పొట్టివి కాబట్టి ఫోన్ల రకం ర్యామ్ కూడా దాంతో పనిచేస్తుంది. మరుసటి ఏడాదే లెనోవో ఒక ఖరీదైన మోడల్లో వాడింది. అంటే అతికించక తప్పదన్న వాదనకి ఇంజనీర్లే జవాబు కనిపెట్టారు. అది సత్తుపల్లి దాకా రావాలంటే ముందు మామూలు ధర లాప్‌టాపుల్లోకి రావాలి.

ఈలోగా ఇంకోవైపునించి దెబ్బ పడింది. మైక్రాన్ కంపెనీకి 2019 నుంచి హైదరాబాదులో పెద్ద కేంద్రం ఉంది. నా క్లాస్‌మేట్లు కొందరు అక్కడ మెమరీ చిప్పుల మీదే పనిచేస్తున్నారు. క్రూషియల్ అన్న పేరుతో మామూలు జనానికి ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మింది ఆ కంపెనీయే. సొంతంగా అప్‌గ్రేడ్ చేసుకున్నవాళ్ళందరికీ తెలిసిన పేరు. 2025 డిసెంబరులో ఆ వ్యాపారం మానేస్తున్నట్టు ప్రకటించింది. ఏఐ డేటా సెంటర్లు ఎంత ఇచ్చైనా మెమరీ కొనుక్కుపోతుంటే, ఒక్కో ముక్క కొనుక్కునే మనం ఎవరికి కావాలి? ర్యామ్ ధరలు చూస్తుండగానే రెండింతలు దాటాయి. ఇలాంటిది ఇదే మొదలు కాదు. 2011లో థాయిలాండు వరదల్లో ఫ్యాక్టరీలు మునిగినప్పుడు హార్డ్ డిస్కులు ఇలాగే కొండెక్కాయి. నీళ్ళు తీశాక దిగొచ్చాయి. ఈ వరద ఎప్పుడు తీస్తుందో డేటా సెంటర్లు కట్టేవాళ్ళ చేతుల్లో ఉంది.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అన్న కొట్టుకి వెళ్ళాను. బల్ల సొరుగులో స్వీటు డబ్బా ఒకటి. దాన్నిండా బోర్డులు పోయిన లాప్‌టాపుల్లోంచి తీసిన ర్యామ్ ముక్కలు, ఒక్కోటి ఒక్కో న్యూస్‌పేపర్ కాగితంలో చుట్టి, పైన పెన్నుతో 3, 3ఎల్, 4 అని రాసి ఉన్నాయి. పోయినేడు రెండొందలకి అడిగినా ఎవరూ తీసుకోలేదట. ఇప్పుడు ఖమ్మం నుంచి ఫోన్ చేసి మరీ, ఎన్ని ఉన్నా మాకే ఇవ్వమంటున్నారట.

"అమ్మేస్తావా అన్నా?"

"డీడీఆర్4వి అడుగుతున్నరు తమ్ముడూ, కొన్ని ఇస్త" అన్నాడు. "మూడువి మాత్రం ఉంచుత. మన ఊళ్ళో పిల్లల దగ్గర ఉన్నయన్నీ అవే."